పదకొండో చీటీ

నర్సమ్మ పెద్దమ్మ వసారాలో చాప మీద కాళ్లు చాపుకొని గోంగూర గిల్లుతోంది. మూడు కట్టలు విప్పి పక్కన పోసుకుంది. ఆకు తట్టలోకి, కాడ నేల మీదికి. నేను గేటు తీసిన చప్పుడుకు తలెత్తి చూసింది గాని చెయ్యి మాత్రం ఆగలేదు.

"రా బిడ్డా. ఆ స్టూలు గుంజుకొని కూసో."

నేను స్టూలు మీద కూర్చోలేదు. చాప మీదే ఒక పక్కన కూర్చొని ఒక కట్ట నా ముందుకు లాక్కున్నాను. నాలుగు రోజులుగా తిరిగిన ఇళ్లలో చేతికి పని దొరికిన ఇల్లు ఇదొక్కటే. మిగతా పది ఇళ్లలో చాయ్ దొరికింది. చాయ్‌తో పాటు సలహాలు దొరికాయి.

ఈ గేటు దాకా ఎందుకు రావాల్సి వచ్చిందో, పోయిన వారం భాగం చదవని వాళ్ల కోసం కాస్త చెప్పాలి.

కోదాడలో మా చర్చికి వచ్చే పిల్లలు పాటలు పాడతారు, ప్యాడ్స్ వాయిస్తారు, వాక్యాలు కంఠతా అప్పజెప్తారు. ఎట్లున్నవని అడిగితే మాత్రం "దేవుని దయ అక్కా, మంచిగున్న" అంటారు. అంతకు మించి ఒక్క మాట రాదు. నిరుడు ఇంటర్ చదివే ఒక అమ్మాయి ఆరు నెలలు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదని మాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఆ ఆరు నెలలూ ఆమె ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చొని పాటలు పాడింది. అది తెలిసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. పాస్టరమ్మ జ్యోత్స్నక్కా నేనూ కలిసి ఒక బిస్కెట్ల డబ్బాకు మూత మీద చీలిక కోసి, తెల్ల కాగితం అంటించి, చర్చిలో వెనక బల్ల మీద పెట్టాం. పేరు రాయనక్కర్లేదు, మనసులో ఉన్నది రాసి వెయ్యండి, మేమిద్దరం తప్ప ఎవరూ చదవరు అని యూత్ మీటింగులో మాటిచ్చాం. మాటిచ్చింది నేనే. మూడు వారాల్లో పదకొండు చీటీలు పడ్డాయి.

మేం ఆ డబ్బా తెరవనే లేదు. మంగళవారం ఉపవాస ప్రార్థనకు ముందు సంఘ పెద్ద ఏసుబాబు గారు బల్లలు సర్దుతూ దాన్ని చూశారు. చర్చిలో డబ్బా ఉండి, డబ్బాలో చీటీలు ఉంటే అవి ప్రార్థన మనవులే అనుకున్నారు. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే ఆరోజు కూడా చేశారు. ఒక్కో చీటీ పైకి చదివి, మా చర్చి అలవాటు ప్రకారం ఒక్కో అమ్మ చేతిలో పెట్టి, "ఆదివారం దాకా ఈ భారం నీది తల్లీ" అన్నారు. భారం తీసుకున్న అమ్మ ఆ చీటీని ఇంటికి తీసుకుపోయి బైబిల్లో పెట్టుకోవాలి, రోజుకొక పూట పస్తుండి ప్రార్థన చెయ్యాలి, ఆదివారం తిరిగి ఇవ్వాలి. అట్లా పదకొండు మంది పిల్లల మనసులు పదకొండు ఇళ్లకు పోయాయి.

ఇందులో గట్టిగా తిట్టడానికి ఒక్క మనిషి కూడా దొరకడు. నా ప్రాణానికి వచ్చి పడింది అదే. వీరమ్మ అయితే తనకిచ్చిన చీటీకి లామినేషన్ చేయించింది. "చెమటకు పాడైతది గద బిడ్డా" అంది. ఇంకొకామె ఫ్రిజ్ తలుపుకు అంటించింది, ఇంటికి వచ్చిన వాళ్లు కూడా ప్రార్థన చేస్తారని. మరొకామె తన చీటీని బస్సు కండక్టరు చేతికిచ్చి హాలియాలో ఉన్న చెల్లెలికి పంపింది. చెల్లెలి ప్రార్థన తొందరగా ఫలిస్తుందట. దాన్ని వెనక్కి తెప్పించడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను పాఠాలు చెప్పే స్కూలు వదిలాక సాయంత్రాలన్నీ ఈ తిరుగుడే. ప్రతి ఇంట్లో అదే ప్రశ్న: "ఇంతకు గది ఎవరి పిల్లనే?" తెలియదన్నా నమ్మరు. తెలియకుండా ఉండాలనే పేరు వద్దన్నామని చెప్తే, "గట్లయితే ప్రార్థన ఎవరి పేరు మీద జెయ్యాలె మరి?" అని తిరిగి నన్నే అడుగుతారు.

పది చీటీలు తెచ్చి జ్యోత్స్నక్క చేతికిచ్చాను. పదకొండోది ఏసుబాబు గారి ఇంట్లోనే ఉంది. పంచేటప్పుడు ఆయన భార్య నర్సమ్మ పెద్దమ్మ తానే లేచి చెయ్యి చాపి, "గది నాకియ్యి" అని తీసుకుందట. నేను చదవలేదు గాని ఆ చీటీలో ఏముందో ఎనిమిది మంది నాకు ఎనిమిది రకాలుగా చెప్పారు. అన్నింటిలో ఒక్క మాట మాత్రం మారలేదు: రోజూ పొద్దున ఎందుకు లేస్తున్ననో తెలుస్తలేదు.

ఆ మాట విన్నాక జ్యోత్స్నక్క సూర్యాపేటలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గర సోమవారానికి ఒక టోకెన్ చెప్పి పెట్టింది. పేరు రాసే చోట ఖాళీ వదిలింది. పిల్లల చేతిరాతలు నాకు తెలుసు కాబట్టి ఆ చీటీ నేనొక్కదాన్నే చూసి, ఆ పిల్లను చాటుగా కలిసి, ఒప్పుకుంటే ఆ ఖాళీ నింపాలి. నేను గోంగూర గిల్లడానికి రాలేదు.

"పెద్దమ్మా, ఆ చీటీ కోసం వచ్చిన."

"ఆదివారం దాంక భారం నాది. మీ పెదనాయినే అన్నడు గద."

"అది మనవి చీటీ కాదు పెద్దమ్మా. పిల్లలు మాకని రాసుకున్నది. పొరపాటున చదివిన్రు."

"నాకెరుకే," అంది. ఆకు తట్టలో పడింది.

లోపలి గది పరదా కదిలింది. వాళ్లమ్మాయి సౌమ్య నీళ్ల గ్లాసు తెచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. మాటకు ముందు నవ్వే పిల్ల అని అందరూ అంటారు, నేనూ అన్నాను. "అక్కా, నీళ్లు" అని గ్లాసు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆమె వచ్చినప్పటి నుంచి పరదా వెనక్కి పోయేదాకా పెద్దమ్మ కళ్లు ఆమె వెంటే ఉన్నాయి. చాప వేసుకున్న చోటు కూడా నాకు వింతగా అనిపించింది. ఎప్పుడూ జామచెట్టు నీడకు కూర్చునే మనిషి ఈరోజు నాలుగింటి ఎండ మొహం మీద పడుతున్నా గడపకు అడ్డంగా కూర్చుంది. లోపలి నుంచి ఎవరు బయటికి రావాలన్నా ఆమె కాళ్లు దాటి రావాలి.

అడుగుదామనుకునేలోగా బండి వచ్చి గేటు ముందు ఆగింది.

ఏసుబాబు పెదనాయన కరెంటు డిపార్టుమెంటులో లైన్‌మన్. ఆయనది అటు జగ్గయ్యపేట దగ్గర ఊరు. ముప్పై ఏళ్లుగా కోదాడలో ఉన్నా మాటలో సగం అటుదే. స్తంభం మీద నుంచి కింది వాళ్లకు వినపడేట్టు మాట్లాడి మాట్లాడి ఇంట్లో కూడా అదే గొంతు. హెల్మెట్టు తీసి, రేపటికని తెచ్చిన ప్లాస్టిక్ గ్లాసుల కట్ట గోడ పక్కన పెట్టి, "వందనాలు స్వర్ణమ్మా! ఏంటి, పేరు తెలిసిందా?" అన్నాడు.

"తెల్వదు పెదనాయినా."

"తెలిసినా చెప్పవు నువ్వు. నీ సంగతి నాకు తెలియదా? మాట బయటికి రావాలంటే నీకు లంచమివ్వాలి."

"ఇచ్చినా చెప్పను."

నవ్వాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో ఆ నవ్వు చూస్తే తెలుస్తుంది. స్టూలు మీద కూర్చొని బూట్లు విప్పుకుంటూ రేపటి ఏర్పాట్లు చెప్పాడు. మా పాస్టరు గారు ట్రైనింగుకని ఊరెళ్లారు. రేపు వాక్యం చెప్పడానికి మిర్యాలగూడ నుంచి ప్రేమ్ కుమార్ అయ్యగారు వస్తున్నారు. చీటీ సంగతి పెదనాయన ఫోనులో చెబితే ఆయన చాలా భారపడ్డారట.

"వాక్యం అయిపోయాక అయ్యగారు పిలుస్తారు. ఆ చీటీ రాసిన బిడ్డ ముందుకు రావాలి. నూనె రాసి, చేతులుంచి ప్రార్థన చేస్తాం. అక్కడితో ఖతం."

"రాకపోతే?"

"వచ్చేదాకా పాట ఆపం."

నేను ఆయన మొహంలోకి చూశాను. ఎగతాళి కాదు. నిజంగానే అంటున్నాడు.

"పోయినసారి మిర్యాలగూడలో గంటన్నర పాడారు. చివరికి నలుగురొచ్చారు," అన్నాడు గర్వంగా.

"నలుగురా? ఆయన పిలిచింది ఎంతమందిని?"

"ఒక్కర్నే. మిగతా ముగ్గురికీ ఊరికే భయమేసింది."

చేతిలో కాడ పుటుక్కున విరిగింది. "పెదనాయినా, రెండు వందల మంది ముందట ఆ పిల్ల ఎట్ల వస్తది? ఎవ్వరికి తెల్వకూడదనే గద పేరు రాయలేదు."

"దేవుడి ముందర సిగ్గేంటమ్మా?"

"దేవుని ముందర కాదు. వాళ్ల కాలేజీ పిల్లల ముందర, కిరాయికుండే పక్కింటోళ్ల ముందర, ఫోన్లు పట్టుకొని వీడియో తీసేటోళ్ల ముందర."

"వీడియో తీస్తే ఇంకా పదిమందికి సాక్ష్యం."

ఏం చెప్పాలి ఈ మనిషికి? నాలుగు రోజుల్లో నేను పది మందితో పది సార్లు ఓపికగా మాట్లాడాను. ఆ ఓపికంతా ఇక్కడికొచ్చేసరికి అయిపోయింది. అయినా అడిగాను. "సోమవారం సూర్యాపేటలో డాక్టరమ్మను చూపిద్దామని జ్యోత్స్నక్క టోకెను పెట్టింది. రేపు పిలిచి నిలబెడితే ఆ పిల్ల ఇగ ఎవ్వరికీ దొరకదు. ఒక్క వారం ఆగుండ్రి."

"పిచ్చి డాక్టరు దగ్గరికా! ఎందుకు, ప్రభువు చాలడా?"

"మీరు స్తంభం ఎక్కేముందు ప్రార్థన చేస్కుంటరు గద?"

"చేసుకోకుండా ఏనాడూ ఎక్కలేదు."

"ప్రార్థన చేస్కొని వెంటనే ఎక్కుతరా? సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను ఆపిచ్చుకొని, వాళ్లు లైన్ క్లియర్ ఇచ్చినంకనే గద తీగ ముట్టేది? దేవుడు చాలడని ఫోన్ చేస్తున్నరా?"

"అది డిపార్టుమెంటు రూలు," అన్నాడు.

పెద్దమ్మ ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. నవ్వో, ఇంకేదో. పెదనాయన ఆమె వైపు తిరిగాడు.

"అయినా ఈ గొడవంతా ఎందుకు? నర్సమ్మా, ఆ చీటీ ఇటు తే. స్వర్ణమ్మ రోజూ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతుంది. చేతిరాత చూస్తే పేరు చెప్పేస్తుంది. పేరు తెలిస్తే గంటన్నర పాడే పని కూడా ఉండదు."

"చూసినా మీకు చెప్పనని అన్న గద," అన్నాను.

"ఇయ్య," అంది పెద్దమ్మ.

ఇద్దరం ఆమె వైపు చూశాం.

"ఏంటి?"

"ఆదివారం దాంక నాదన్నవ్. రేపటి దాంక నాదే."

"అబ్బా, చదవను కూడా చదవలేవు నువ్వు! దాన్ని దగ్గర పెట్టుకొని ఏం చేస్తావే?"

పెద్దమ్మ చెయ్యి ఆగింది. నేను వచ్చినప్పటి నుంచి అది ఆగడం అదే మొదటిసారి. చేతికంటిన పసరు కొంగుకు తుడుచుకుంది. నడుముకు దోపుకున్న చిన్న సంచి తీసి, అందులోంచి నాలుగు మడతల కాగితం బయటికి తీసి, మడతలు విప్పి చాప మీద పెట్టింది. అక్షరాలు కిందికి ఉండేటట్టు బోర్లా పెట్టి, అరచేత్తో సాపు చేసింది.

అది రికార్డు కాగితం. సైన్సు చదివిన వాళ్లందరికీ తెలుసు, ఒక పక్క గీతలుంటాయి, ఒక పక్క బొమ్మ గీయడానికి తెల్లగా వదిలేస్తారు. ఆ తెల్ల పక్కన పెన్సిలుతో నిలువుగా సగానికి కోసిన మందార పువ్వు. ఒక రెక్క చెరిపి మళ్లీ గీసిన మరక అట్లాగే ఉంది. భాగాల పేర్లు ఇంకా రాయలేదు.

"నువ్వు ఆ పక్క సదివినవ్," అంది పెద్దమ్మ. "నువ్వు కాయిదం మొహానికి అడ్డం వెట్టుకొని సదువుతుంటే ఈ పక్క మా దిక్కుండె. ఆడోళ్లందరి దిక్కుండె. ఎవరికీ ఎరుక లేదు. నాకెరుక. ఈ పువ్వు నేనే తెంపుకొచ్చిచ్చిన. బ్లేడుతోని సగానికి కోసి, గీడనే, గిదే గడపల కూసోని గీసింది. రెక్క సక్కగ వస్తలేదని తుడుపుడు, మళ్ల గీసుడు."

"ఎవరు?" అన్నాడు పెదనాయన.

ఆమె ఆ రెక్క మీద పడ్డ కాడ ముక్కను తీసేసింది.

"ఎవరు నర్సమ్మా?" రెండోసారి అడిగేటప్పటికి ఆ గొంతు పక్కింటికి వినపడేంత లేదు.

నాలుగు రోజులు చేతిరాత కోసం తిరిగాను నేను. సంతకం కూడా పెట్టలేని మనిషి మంగళవారం మధ్యాహ్నమే ఆ చీటీ ఎవరిదో పట్టుకుంది. పట్టుకొని నలుగురిలో లేచి చెయ్యి చాపి అడిగి తీసుకుంది, ఇంకొకరి ఇంటికి పోకుండా.

"సదివినంక నువ్వేమన్నవో యాదికుందా?" అని అడిగింది పెద్దమ్మ.

పెదనాయన చేతిలోని బూటు కింద పెట్టాడు.

"నాకు యాదికుంది. ఈ బిడ్డ ఇంట్ల తండ్రి మోకాళ్లెయ్యడు, తండ్రి మోకాళ్లేసిన ఇంట్ల ఇసుంటి మాట పుట్టదు, అన్నవ్. ఆ తండ్రి కోసం గూడ ప్రార్థన జెయ్యుండ్రి అన్నవ్. అందరు ఆమెన్ అన్నరు. నేను గూడ అన్న. అనకుంటే నా దిక్కు సూస్తరని అన్న. ఆ దినం కాలేజీ బంద్. అది వెనక గోడకాడ చాపలు మడతవెడుతుండె. మడతవెట్టిన చాపనే మళ్ల ఇప్పి మళ్ల మడతవెట్టింది. నేను సూస్తనే ఉన్న."

"నాకెందుకు చెప్పలేదే? నాలుగు రోజులు!"

"చెప్తే ఏం జేద్దువు?"

ఆయన పరదా వైపు చూశాడు.

"నేను జెప్తా. రేపు ముందట నిలవెడ్తుంటివి. సంఘ పెద్ద బిడ్డకే ఇడుదల దొరికిందని దాని చేతికి మైకిచ్చి సాక్ష్యం జెప్పిస్తుంటివి. అది జెప్తుండె గూడ. నువ్వేది జెప్పమంటే అది జెప్తది అది. అదే గద దాని రోగం." పెద్దమ్మ గొంతు పెంచలేదు. మళ్లీ ఒక గోంగూర కాడ అందుకుంది, గిల్లలేదు, పట్టుకొని కూర్చుంది. "నాలుగు దినాల సంది దాని పక్కల పండుకుంటున్న. దాని జడ నా చేతికి సుట్టుకొని పండుకుంటున్న. చేనుకాడి మందు డబ్బాలు మా తమ్మునింటికి పంపిన. నీకు తెల్వనే తెల్వదు. నువ్వు గ్లాసులు కొననీకె పోయినవ్."

నేను ఆ తెల్లని గ్లాసుల కట్ట వైపు చూశాను. ఎటు చూడాలో తెలియక.

పరదా జరిగింది. సౌమ్య గడపలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో. చేతిలో పెన్సిలుంది. మమ్మల్ని చూడలేదు, చాప మీది పువ్వును చూస్తోంది.

"వేరే కాయిదం దొరకలే," అంది. "పాడైన బొమ్మ గద అని చింపి రాసిన."

అప్పుడు నా వైపు తిరిగింది.

"ఎవ్వరు సదవరన్నవ్ అక్కా."

నేను ఎన్నో సంజాయిషీలు దాచుకొని ఉన్నాను. డబ్బాకు తాళం లేకపోవడం, మంగళవారం నేను స్కూల్లో ఉండటం, పెదనాయనకు ముందే చెప్పకపోవడం. పది ఇళ్లలో చెప్పినవే. ఒక్కటీ పనికిరాలేదు. "అన్న సౌమ్యా. తప్పు నాదే," అన్నాను.

తల ఊపింది. కోపంగా కాదు. లెక్క తప్పిన పిల్లకు టీచరు తల ఊపినట్టు.

పెదనాయన లేచాడు. ఆయనకు తెలిసింది ఒక్కటే. గూట్లో ఉన్న నూనె సీసా అందుకున్నాడు. "రా తల్లీ. మోకాళ్లూను," అన్నాడు. పెద్దమ్మ "ఏందయ్యా మళ్ల" అని లేవబోయింది. సౌమ్య మాత్రం ఎదురు చెప్పలేదు. అమ్మ కాళ్లు దాటుకొని వచ్చి, చిన్నప్పటి నుంచి ఎట్లా చేస్తోందో అట్లాగే గోంగూర కాడల పక్కన మోకాళ్లూని కళ్లు మూసుకుంది. ఆయన ఆమె నడినెత్తిన చెయ్యి ఉంచాడు.

"పరలోకమందున్న మా తండ్రీ..."

ఆగిపోయాడు.

ఈయన ప్రార్థన మొదలుపెడితే నలభై నిమిషాలు. వండిన అన్నం చల్లారిపోతుందని పెళ్లిళ్లలో ఈయన చేతికి మైకు ఇవ్వడానికి భయపడతారు. గాలివానకు పడిన స్తంభం పక్కన వానలో నిలబడి కూడా ప్రార్థన చేశాడని చెప్పుకుంటారు. నేను కళ్లు తెరిచే ఉన్నాను. ఆయన పెదవులు కదులుతున్నాయి.

"ఈ బిడ్డ..." అన్నాడు. మళ్లీ ఆగాడు. "ఈ బిడ్డ ఇంట్లో..."

అంతే. అక్కడి నుంచి ముందుకు పోలేదు.

సౌమ్య కళ్లు తెరవలేదు. "నేను రోజు చేస్తున్న డాడీ," అంది నెమ్మదిగా. "నువ్వు నేర్పిచ్చినట్టే చేస్తున్న. ప్రార్థన వద్దంటలేను. సోమవారం సూర్యాపేట గూడ తీస్కపో. అంతే. రేపు మాత్రం ముందుకు పిలవకు. నేను రాలేను. పిలిస్తే వస్త గాని, రాలేను."

పిలిస్తే వస్తా గాని రాలేను. ఆ మాట ఎంత మందికి అర్థమవుతుందో నాకు తెలియదు. ఆయనకు అర్థమైందా అని మొహంలోకి చూశాను. అప్పుడే ఫోను మోగింది.

ఆయన జేబులోంచి తీసి అలవాటుగా స్పీకరు నొక్కాడు. స్తంభాల మీద పనిచేసేవాళ్లకు ఫోను చెవి దగ్గర పెట్టుకునే అలవాటుండదు.

"వందనాలు ఏసుబాబు బ్రదర్!" ప్రేమ్ కుమార్ అయ్యగారి గొంతు వసారా అంతా నిండింది. "పొద్దున ఆరింటికే బయలుదేరుతున్న. ఆ చీటీ సంగతేమైంది, పేరు దొరికిందా? పేరు పెట్టి పిలిస్తే ఆ కార్యమే వేరుంటది బ్రదర్. తల్లిదండ్రులను గూడ పక్కన నిలవెడదాం."

సౌమ్య ఇంకా మోకాళ్ల మీదే ఉంది. పెద్దమ్మ ఒక చేత్తో ఆమె జడ పట్టుకుంది. నేను తల అడ్డంగా ఊపాను, వద్దు అని. పెదనాయన నన్ను చూడలేదు.

"దొరికింది అయ్యగారూ," అన్నాడు.

"దేవునికి స్తోత్రం! ఎవరు బ్రదర్? ఎవరి బిడ్డ? హలో? సిగ్నల్ లేదా బ్రదర్? హలో?"

ఫోను కట్ చేశాడు.

వంగి చాప మీది కాగితం తీసుకున్నాడు. మొదట అక్షరాలున్న పక్క చూశాడు. తర్వాత తిప్పి పువ్వున్న పక్క చూశాడు. చాలాసేపు చూశాడు, ఆ చెరిపిన రెక్క మీద బొటనవేలు పెట్టి. పాత మడతల మీదే మళ్లీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అది నాది," అంది పెద్దమ్మ. "రేపటి దాంక నాది. ఏడికి తీస్కపోతున్నవ్?"

జేబులో ఫోను మళ్లీ మోగడం మొదలైంది. ఆయన తీయలేదు, ఆపనూ లేదు. గోడకున్న మేకు మీది నుంచి చర్చి తాళంచెవి అందుకున్నాడు. విప్పిన బూట్లు తొడుక్కోలేదు. వట్టి కాళ్లతోనే మెట్లు దిగి, మమ్మల్ని ముగ్గురినీ వెనక్కి తిరిగి చూడకుండా, బండి తీసుకొని చర్చి వైపు వెళ్లిపోయాడు.